సున్నా ఎందుకు కాదు?

నిర్మల్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు 18 గేట్లున్నాయి. 2022 జూలైలో ఎడతెరిపి లేని వానలు పడ్డాయి. ఎగువ నుంచి వచ్చిన వరద, ఆ గేట్లు కిందికి వదలగలిగిన నీటి కంటే ఎక్కువైంది. నీళ్ళు గేట్ల పైనుంచే పొర్లాయి. దిగువనున్న ఊళ్ళను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆనకట్ట మాత్రం నిలిచింది.

ఈ సంగతిలో కడెం గేట్లను తిట్టేవాళ్ళెవరూ లేరు. వచ్చే నీరెంత, పోయే దారి ఎంత అన్నదే లెక్క. కాని పదో తరగతి చదివే అమ్మాయి పుస్తకం ముందేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మాత్రం "దీనికి ధైర్యం లేదు" అంటాం, "బద్ధకం" అంటాం. ఆ అమ్మాయి కూడా అదే మాట తనకు తాను చెప్పుకుంటుంది. నిజానికి ఆమె తలలో జరిగేది కూడా చాలావరకు రాకపోకల లెక్కే. అదెలాగో చూద్దాం. ఆ తర్వాత, ఇలా ఉక్కిరిబిక్కిరయ్యే విద్యార్థులకు సాయపడటానికి ప్రపంచంలో చాలా బడులలో వాడుతున్న ఒక తమాషా పద్ధతిని పరిశీలిద్దాం. తమాషా అని ఎందుకన్నానంటే, అందులో సలహాలు దాదాపు ఉండవు. అంతా ప్రశ్నలే.

మీ మిత్రుణ్ణి ఒకసారి ఇలా పరీక్షించండి. 5, 9, 2, 7 అని నాలుగంకెలు చదివి, వాటిని తిరగేసి చెప్పమనండి. చెప్పేస్తాడు. ఇప్పుడు ఎనిమిది అంకెలు చదివి తిరగేయమనండి. మధ్యలో తడబడతాడు. అతని తెలివి అర నిమిషంలో తగ్గిపోలేదు గదా! మనం ఒక పని చేస్తున్నంతసేపు దానికి కావలసిన విషయాలను పట్టి ఉంచే శక్తికి 'పనిచేసే జ్ఞాపకం' అని పేరు. ఇది మన వంటింటి గట్టులాంటిది. ఇంట్లో బియ్యం బస్తాలెన్ని ఉన్నా, గట్టు మీద పట్టేవి నాలుగు గిన్నెలే. 1956లో జార్జి మిల్లర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఈ గట్టు మీద సుమారు ఏడు అంశాలు పడతాయన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఇంకా నిశితంగా లెక్కగట్టి, నాలుగు దగ్గరకు తెచ్చాడు.

ఇప్పుడు గట్టు మీద ఏమేమున్నాయో చూడండి. త్రికోణమితి లెక్క ఒకటి. "నిన్న చేయలేదు, రేపు సార్ అడుగుతాడు" అన్న భయం ఒకటి. పత్తి ఏరడానికి పోయిన అమ్మ చేతికి తగిలిన గాయం ఒకటి. జగిత్యాల, సిరిసిల్ల వైపు పిల్లలైతే, గల్ఫ్‌లో ఉన్న నాన్న శుక్రవారం ఫోన్ చేసి "ఎట్ల చదువుతున్నవు బిడ్డా?" అని అడిగే ప్రశ్న ఒకటి. లెక్కకు చోటెక్కడుంది? ఉట్నూరు, జైనూరు ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలకు మరో బరువు కూడా ఉంటుంది. ఇంట్లో గోండీయో కొలామీయో మాట్లాడి వచ్చిన పిల్లవాడు 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాటను ముందు తెలుగుగా అర్థం చేసుకోవాలి, ఆ తర్వాతే సైన్సుగా అర్థం చేసుకోవాలి. రెండు పనులకూ గట్టు ఒక్కటే.

దీనికి తోడు శరీరం కూడా చేయి వేస్తుంది. ప్రమాదం అనిపించిన వెంటనే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను, కొంచెం ఆలస్యంగా కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, అరచేతులు చెమర్చుతాయి. ఎలుగుబంటి ఎదురైనప్పుడు పరుగెత్తడానికి ఇదంతా బ్రహ్మాండంగా పనికివస్తుంది. కాని ఇదే సమయంలో నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం, అంటే ఆలోచించి, వరుస పెట్టి, నిర్ణయించే భాగం, పని తగ్గించుకుంటుంది. ఎలుగుబంటి ముందు నిలబడి త్రికోణమితి చేయవలసిన అవసరం ఎవరికీ రాదు గనుక ప్రకృతి ఏర్పాటు సబబే. చిక్కల్లా ఎలుగుబంటికీ, ప్రీ-ఫైనల్ ప్రశ్నపత్రానికీ తేడా ఆ గ్రంథులకు తెలియకపోవటంలోనే ఉంది.

కొద్దిపాటి ఒత్తిడి చెడ్డదేమీ కాదు. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో, కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ప్రేరణ మరీ తక్కువైనా నష్టమే, మరీ ఎక్కువైనా నష్టమే అని గమనించారు. పరీక్ష ముందు రోజు కొంచెం గుబులుంటేనే పుస్తకం తెరుస్తాం. కాని రోజూ గట్టు నిండి పొర్లుతుంటే, నెలల తరబడి నిద్ర పట్టకపోతే, ఆ స్థితి వేరు. దాన్నే ఈ వ్యాసంలో ఉక్కిరిబిక్కిరి అంటున్నాను.

సరే, అలాంటి విద్యార్థికి మనం సాధారణంగా ఏం చెబుతాం? "టైంటేబుల్ వేసుకో." "పొద్దున నాలుగింటికి లేవు." "ఫోను పక్కన పెట్టు." "భయపడకు." ఇవన్నీ మంచి మాటలే. కాని నిండిన గట్టు మీద ఇంకో నాలుగు గిన్నెలు పెట్టడం కూడా! నా మటుకు నాకు "భయపడకు" అన్న మాటంత పనికిరాని మాట ఇంకోటి కనపడదు. దగ్గు వచ్చేవాణ్ణి దగ్గకు అంటే ఆగుతుందా?

ఇక్కడ కథ అమెరికాకు మళ్ళుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిల్వాకీ అనే నగరం ఉంది. 1978లో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే దంపతులు కొందరు సహచరులతో కలిసి అక్కడ కుటుంబాల కోసం ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రం తెరిచారు. డి షేజర్ సాక్సఫోన్ వాయించే సంగీతకారుడు కూడా. బర్గ్ కొరియాలో పుట్టి, చదువుకోసం అమెరికా వెళ్ళిన మహిళ. కౌన్సెలింగ్ అనగానే మీకు ఇంజనీరింగు సీట్లు గుర్తొస్తాయేమో, లేదా పోలీసులు పిలిచి మందలించడం గుర్తొస్తుందేమో. ఆ రెండూ కావు. ఒక మనిషి తన చిక్కును చెప్పుకుంటుంటే, శిక్షణ పొందిన మరో మనిషి శ్రద్ధగా విని, అతడు తన దారి తాను చూసుకోవడానికి సాయపడటమే అసలు కౌన్సెలింగ్.

అంతవరకు ఈ వృత్తిలో ఉన్నవారు ఎక్కువగా వైద్యుడి దారినే నడిచేవారు. రోగమేమిటి? ఎప్పుడు మొదలైంది? కారణమేమిటి? కారణం దొరికితే మందు దొరుకుతుందని నమ్మకం. మలేరియా విషయంలో అది ముమ్మాటికీ నిజం. మిల్వాకీ వారు మాత్రం ఏం చేశారంటే, వచ్చినవారి అనుమతితో సంభాషణలను అద్దపు గోడ వెనుక కూర్చుని గమనించారు, టేపుల మీద మళ్ళీ మళ్ళీ చూశారు. ఏ ప్రశ్న అడిగిన తర్వాత మనిషి ముఖం విచ్చుకుంటున్నది, ఏ మాట తర్వాత ఇంటికి పోయి నిజంగా ఏదైనా చేస్తున్నాడు అని ఒక్కొక్కటే ఏరారు. పత్తి చేనులో కాయ కాయా చూసినట్లు చూశారన్నమాట. వారికి తేలిందేమిటంటే, చిక్కు గురించి గంటలకొద్దీ తవ్వకపోయినా పరిష్కారం మొదలవుతుంది. ఏ చిక్కూ ఇరవై నాలుగు గంటలూ ఒకే తీవ్రతతో ఉండదు. అది కాస్త తగ్గిన ఘడియలుంటాయి. ఆ ఘడియల్లో మనిషి ఏదో చేస్తున్నాడు, తనకు తెలియకుండానే. దాన్ని కనిపెట్టి, మరికొంచెం చేయించడమే పని.

ఈ పద్ధతికి 'పరిష్కార కేంద్రిత పద్ధతి' అని పేరు. సాధారణంగా నాలుగైదు కూర్చోలలో ముగుస్తుంది గనుక బడులకు బాగా కుదిరింది.

వాళ్ళ ప్రశ్నల్లో చాలా పేరు పొందినది ఒకటుంది. ఒకసారి బర్గ్ దగ్గరకు వచ్చిన ఒక తల్లి ఎంత దిగులులో ఉందంటే, "ఇక ఏదైనా అద్భుతం జరిగితే తప్ప" అనేసింది. ఇంకొకరైతే "అద్భుతాలు జరగవమ్మా" అని ఉందురు. బర్గ్ ఆ మాటనే పట్టుకుంది. సరే, ఈ రాత్రి మీరు నిద్రపోయినప్పుడు ఆ అద్భుతం జరిగిపోయిందనుకుందాం, నిద్రలో ఉన్నారు గనుక మీకు తెలియదు, మరి పొద్దున లేచాక ఏం చూసి జరిగిందని కనిపెడతారు? అని అడిగింది. ఆ తల్లి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పినవి ఆకాశంలోంచి ఊడిపడేవి కావు. ఇంట్లో జరిగే చిన్నచిన్న పనులే. వాటిలో కొన్ని రేపే మొదలుపెట్టదగినవి.

ఇప్పుడు దీన్ని మన బడిలోకి తీసుకువద్దాం. ఆదిలాబాదు దగ్గర ఒక ఊరు అనుకోండి. డిసెంబరు నెల. పత్తి ఏరే పని జోరుమీదుంది. పదో తరగతి అమ్మాయి వారంలో రెండు రోజులు చేనుకు పోతున్నది. లెక్కల్లో మూడు పాఠాలు వెనుకబడింది. శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు పావుగంట ఆమెతో కూర్చున్నాడు. ఈ సంభాషణ నేను ఊహించి రాస్తున్నది. ప్రశ్నలు మాత్రం ఆ పద్ధతిలోనివే.

"కూర్చో బిడ్డా. ఈ పావుగంటల మనం ఏం మాట్లాడితే నీకు పనికొచ్చినట్టు?"

"నాతోని అయితలేదు సార్. అన్నీ ఒక్కసారే మీద పడ్డయి. బడి మానేద్దామనిపిస్తున్నది."

"కష్టంగనే ఉన్నది. గింత కష్టంల కూడ ఇయ్యాల బడికొచ్చినవు. ఎట్ల రాగలిగినవు?"

"అమ్మ లేచినప్పుడే లేచిన సార్. బువ్వ వండి, తమ్ముణ్ణి తయారుచేసి వచ్చిన."

"గదంత చేసి వచ్చినవా! సరే, ఇగో ఒక గీత గీస్తున్న. ఈ కొసకు సున్నా, అంటే పరీక్ష రాసుడే నాతోని కాదు అన్నట్టు. ఆ కొసకు పది, అంటే నిమ్మళంగ చదువుకుంటున్న అన్నట్టు. ఇయ్యాల నువ్వు ఎక్కడున్నవు?"

"మూడు సార్."

"మూడు! సున్నా ఎందుకు కాదు?"

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. సార్ కూడా మాట్లాడలేదు.

"తెలుగు, సోషల్ అయితే వస్తయి సార్. బయాలజీల బొమ్మలు మంచిగ వేస్త."

"ఇంకా?"

"మొన్న ఆదివారం మా పిన్ని బిడ్డతోని కూసున్న. త్రికోణమితిల రెండు లెక్కలు వచ్చినయి."

"ఆ రోజు వేరేగ ఏముండె?"

"ఆమె అడుగుతుంటే నేను చెప్పుకుంట చేసిన సార్. ఒక్కదాన్నే ఉంటే ఇంకో పాఠం యాదికొస్తది, అది చూస్త, మళ్ల ఇంకోటి... ఆ రోజు ఒక్కటే చూసినం."

"మూడు నుంచి నాలుగుకు వచ్చినవనుకో. అందరికంటె ముందు ఎవరికి తెలుస్తది?"

"అమ్మకు. రాత్రి ఏడ్వకుండ పంటనని."

"ఈ వారంల నాలుగు దిక్కు పోవాలంటే నువ్వు చెయ్యగలిగిన చిన్న పని ఏది?"

"రోజు పొద్దుమూకినంక పిన్ని బిడ్డతోని రెండు లెక్కలు. రెండే."

"మంచిగున్నది. చేను సంగతి మీ అమ్మతోని నేను మాట్లాడొచ్చునా? నువ్వు సరేనంటేనే."

"మాట్లాడుండ్రి సార్."

ఇంతే. మంత్రం లేదు, మాయ లేదు. కాని ఈ నాలుగు మాటల్లో ఎన్ని పనులు జరిగాయో గమనించారా?

అన్నిటికంటే ముఖ్యమైంది ఆ మూడో అంకె. మామూలుగా మనం ఏమడుగుతాం? "మూడేనా? పది ఎందుకు రాలేదు?" అని. మార్కుల కాగితం చూసినప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే ఇది. అలా అడిగితే ఆ అమ్మాయి తనకు లేనివాటి జాబితా చదువుతుంది. "సున్నా ఎందుకు కాదు?" అని అడిగితే ఉన్నవాటి జాబితా చదవక తప్పదు. అంకె అదే. ప్రశ్న మారింది, జవాబు తారుమారైంది. పైగా అది పొగడ్త కూడా కాదు. సార్ ఆమెను "నువ్వు తెలివైనదానివి" అనలేదు. ఆమె నోటితోనే ఆధారాలు చెప్పించాడు. ఇతరులిచ్చిన పొగడ్తను మనం నమ్మకపోవచ్చు. మనం చేసిన రెండు లెక్కలను కాదనలేం.

సైన్సు విద్యార్థులుగా మీకొక అనుమానం రావాలి. ఉష్ణోగ్రతకు థర్మామీటరుంది. ఈ సున్నా నుంచి పది కొలతకు పరికరమేది? ప్రమాణమేది? లేదు. కనుక మీ మూడునూ మీ పక్కవాడి మూడునూ పోల్చడం అర్థం లేని పని. తరగతిలో నలభైమంది అంకెలు కూడి సగటు తీయడం ఇంకా అర్థం లేని పని. ఈ గీత మీద పోల్చదగినవి రెండే: మీ నిన్న, మీ ఇవాళ. మన ఇళ్ళల్లో గోడ మీద పిల్లల ఎత్తు పెన్సిలుతో గీస్తారు చూడండి, అలాంటిదిది.

ఆదివారం సంగతి అడిగినది మరో పనిముట్టు. చిక్కు తగ్గిన ఘడియను వెతకడమది. వెతికితే ఏం బయటపడింది? ఆమెకు త్రికోణమితి రాకపోవడం కాదు అసలు చిక్కు. ఒంటరిగా ఉన్నప్పుడు పాఠం నుంచి పాఠానికి మనసు దూకుతున్నది. ఇంకొకరు అడుగుతుంటే గట్టు మీద ఒకే గిన్నె ఉంటున్నది. మనం మొదట చెప్పుకున్న పనిచేసే జ్ఞాపకం లెక్క ఇక్కడికి వచ్చి కలిసింది. ఈ ఉపాయాన్ని సార్ చెప్పలేదు. ఆమె ముందే కనిపెట్టింది, కనిపెట్టినట్టు ఆమెకు తెలియదు.

చివరి అడుగు చిన్నదిగా ఉండటంలో కూడా అర్థముంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, పూర్తికాని పనులు మనసులో గిర్రున తిరుగుతూ వేరే పనిని చెడగొడతాయనీ, ఆ పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, పని ఇంకా చేయకపోయినా ఆ తిరుగుడు తగ్గుతుందనీ తేలింది. "బాగా చదువుతాను" అన్నది నిర్ణయం కాదు. "పొద్దుమూకాక, పిన్ని కూతురితో, రెండు లెక్కలు" అన్నది నిర్ణయం.

మన ప్రాంతంలోనే ఇలాంటి ఆలోచన ఎనభై ఏళ్ళ కిందట ఒకటి జరిగింది. అది కౌన్సెలింగ్ కాదు, బడి పెట్టడం. అయినా చెప్పదగింది. గోండు పిల్లలు చదువులో ఎందుకు వెనుకబడ్డారని అందరూ అడుగుతున్న కాలంలో, మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ ఆదిలాబాదు జిల్లాలో, వారికి ఇప్పటికే ఏముంది అని చూశాడు. భాష ఉంది, కథలున్నాయి, ఊళ్ళో చురుకైన యువకులున్నారు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. లేనిదాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా ఉన్నదాని మీద కట్టడం మొదలుపెట్టారు.

మరి ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? కథలు బాగానే ఉంటాయి, కొలతలేవి? అడగవలసిన ప్రశ్నే. 2013లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, పోల్చిచూసిన 43 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో 32 అధ్యయనాల్లో లెక్కకు నిలిచే మేలు కనిపించింది. మిగిలినవాటిలో అంత స్పష్టంగా లేదు. అంటే సర్వరోగ నివారిణి కాదు, వట్టి మాటలూ కావు.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టమైన 'సమస్యా పరిష్కార' పద్ధతిని సంగత్ అనే సంస్థ ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 251 మంది విద్యార్థులతో పరీక్షించింది. ఫలితాలు 2020లో వచ్చాయి. కొందరికి బొమ్మల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. మరికొందరికి పుస్తకాలతో పాటు కౌన్సెలరు కూడా కలిశారు. ఆరు వారాల తర్వాత చూస్తే, కౌన్సెలరును కలిసినవారు తమను బాధించే చిక్కులు ఎక్కువగా తగ్గాయని చెప్పారు. మానసిక లక్షణాలను కొలిచే ప్రశ్నావళిలో మాత్రం అప్పటికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

బీహారులోని నలందా జిల్లాలో మరో పెద్ద ప్రయోగం జరిగింది. బడి వాతావరణాన్నే మెరుగుపరచే కార్యక్రమమది. కొన్ని బడులలో స్థానిక కౌన్సెలర్లు దాన్ని నడిపారు. కొన్నింటిలో ఉపాధ్యాయులే నడిపారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్లున్న చోట పిల్లల్లో దిగులు తగ్గింది, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట అలాంటి మేలు కనబడలేదు! ముప్పై ఏళ్ళుగా సుద్దముక్క పట్టుకున్న నాకు ఇది తీపి కబురేమీ కాదు. కారణం నేను ఊహించగలను. మార్కులు వేసే చేతి ముందు ఎవరు మనసు విప్పుతారు? పైగా సిలబస్, పరీక్షలు, ఎన్నికల డ్యూటీ, జనగణన... సార్ గట్టు కూడా నిండే ఉంటుంది.

అందుకే 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ముఖ్యమైనవి. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో అవి వచ్చాయి. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలరు ఒకరైనా ఉండాలని కోర్టు చెప్పింది. మీ బడిలో ఉన్నారా? ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. అడగటం తప్పేమీ కాదు.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. హాస్టల్‌లో అన్నం సరిగా పెట్టకపోతే, ఎవరైనా కొడితే, చదువు మాన్పించి పెళ్ళి చేస్తామంటే, ఎవరైనా మీతో తప్పుగా ప్రవర్తిస్తే, "పదిలో ఎంత?" అని అడగటం అన్యాయం. అక్కడ మారవలసింది పిల్లవాడి ఆలోచన కాదు, ఎదుట ఉన్న పరిస్థితి. పై సంభాషణలో సార్ అమ్మతో మాట్లాడతానన్నది అందుకే. కడెం దగ్గర కూడా గేట్లు ఎత్తడం ఒక పని, ఊళ్ళను ఖాళీ చేయించడం ఇంకో పని. పిల్లల సంగతైతే 1098కి ఫోన్ చేయవచ్చు.

ఇంకొక స్థితి ఉంది. బతకాలని లేదు అన్న ఆలోచన. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, చాలామందికి గడిచిపోతుంది. వచ్చినప్పుడు మాత్రం ఒంటరిగా మోయవలసింది కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా విద్యార్థులను మనం పోగొట్టుకున్నాం. అలాంటి మరణాల వెనుక ఏదో ఒకే కారణం ఉండదు. అయితే తప్పినవారందరి పత్రాలనూ తిరిగి పరిశీలించినప్పుడు వెయ్యిమందికి పైగా నిజానికి ఉత్తీర్ణులేనని తేలింది. కాగితం మీది అంకె కూడా మనుషులు వేసిందే. నిజంగానే తప్పినా, పదో తరగతికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది.

మీకు గాని, మీ మిత్రుడికి గాని అలాంటి ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రి పగలు ఎప్పుడైనా పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు పడదు. మిత్రుడు "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అన్నా ఈ ఒక్క విషయంలో ఒట్టు వేయకండి. వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పండి, వారు వచ్చేదాకా అతణ్ణి విడిచి పోకండి.

మామూలు ఉక్కిరిబిక్కిరికైతే మీరు మీ స్నేహితులకు చాలానే చేయవచ్చు. సలహా ఇవ్వాలని నాలుక దురద పెడుతుంది, కాస్త ఆపండి. "నేనైతేనా" అని మొదలుపెట్టకండి. వినండి. తర్వాత "ఇంత కష్టంలో ఎట్ల నెట్టుకొస్తున్నవ్?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆ మౌనం అర నిమిషం సాగినా కంగారు పడవద్దు. మంచి జవాబులు ఆ అర నిమిషం తర్వాతే వస్తాయి. "ఇంకా?" అన్న చిన్న మాటను కూడా మరిచిపోవద్దు. మొదటి జవాబు అందరూ చెప్పేదే. మూడో జవాబులో మనిషి ఉంటాడు.

పరీక్ష రోజుకు పనికివచ్చే చిన్న ప్రయోగం ఒకటి. ఇది వేరే పరిశోధన. 2011లో రామిరెజ్, బైలాక్ అనే శాస్త్రజ్ఞులు, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను ఉన్నదున్నట్లు కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా పరీక్షంటే బాగా భయపడేవారు, మెరుగ్గా రాశారని కనిపెట్టారు. గట్టు మీది గిన్నెలను కాసేపు కాగితం మీదికి దించుకోవడమన్నమాట.

ఇక మీరు ఇంట్లో చేసి చూడవలసిన ప్రయోగం. మిల్వాకీ వారు వచ్చినవారందరికీ ఒక పని అప్పజెప్పేవారు: మళ్ళీ కలిసేలోగా మీ జీవితంలో జరిగేవాటిలో ఏవి ఇలాగే కొనసాగితే బాగుంటుందో గమనించి రండి అని. ఏమీ మార్చనక్కరలేదు. గమనించడమే.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. పేజీని నాలుగు గళ్ళుగా గీయండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఆ రోజు మీ అంకె, మూడో గడిలో "సున్నా ఎందుకు కాదు?" అన్న ప్రశ్నకు జవాబు, కనీసం రెండు. నాలుగో గడిలో రేపు చేయబోయే ఒక చిన్న పని, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నది కూడా. రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చాలు. పద్నాలుగు రోజులు రాయండి. తర్వాత అంకె ఎక్కువగా ఉన్న రోజులకు మాత్రమే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఆ రోజుల మూడో గడులను వరుసగా చదవండి. ఏ మాట మళ్ళీమళ్ళీ వస్తున్నదో చూడండి. అది నిద్ర కావచ్చు, ఒక స్నేహితుడు కావచ్చు, కబడ్డీ కావచ్చు, చేనుకు పోని రోజు కావచ్చు. అంకె పద్నాలుగు రోజులూ కిందికే జారుతుంటే మాత్రం, పుస్తకం మూసి దాచకుండా మీకు నమ్మకమున్న టీచరుకు చూపించండి.